కార్డు చేతికొచ్చింది, మరి లెక్క చెప్పేదెవరు?

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్‌ను ప్రధానమంత్రి ప్రారంభించారు. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే రక్తజబ్బు, తల్లిదండ్రుల జన్యువుల ద్వారా వస్తుంది. 17 రాష్ట్రాల ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయాలని, 2047 నాటికి ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా మిగలకుండా చూడాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆదివాసీ జనాభా ఎక్కువున్న ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, గజపతి, మహారాష్ట్రలోని గడ్చిరోలి లాంటి జిల్లాలకు ఇది చాలా అవసరమైన పని. పర్లాకిమిడి, గుణుపూర్, జయపురం, సిరోంచ, బల్లార్షాల్లో తెలుగు కొన్ని ఇళ్లలో ఇంటి భాష, మిగతా చోట్ల బజారు భాష. కాబట్టి ఈ పరీక్షల మంచిచెడ్డలు తెలుగు కుటుంబాలకూ నేరుగా సంబంధించినవే.

పరీక్ష చేయడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. వేలి మీద చిన్న పోటు, కొన్ని నిమిషాలు ఆగితే ఫలితం, ఆ తర్వాత రంగుల కార్డు. అసలు కష్టమంతా కార్డు ఇచ్చాకే. దాని మీద ‘క్యారియర్’ (తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్లు) అని ఉంటే ఇంటికెళ్లిన మనిషికి వంద ప్రశ్నలు పుడతాయి. ఇది జబ్బా, కాదా? మందు వేసుకోవాలా? అమ్మాయికి సంబంధం కుదిరింది, వాళ్లకు చెప్పాలా, దాచాలా? మొదటి బిడ్డ బాగానే ఉన్నాడు కదా, రెండో కాన్పుకి భయం ఎందుకు? వీటికి జవాబు చెప్పాల్సింది ఊళ్లో ఆశా కార్యకర్త, సబ్‌సెంటర్లో ఏఎన్ఎం, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. వాళ్లకు శిక్షణ ఇచ్చి, రికార్డులు చూసి, లెక్కలు వేయాల్సింది బ్లాకు, జిల్లా స్థాయిలో పనిచేసే ప్రజారోగ్య పట్టభద్రులు. ఈ పట్టభద్రుల్లో జన్యుశాస్త్రాన్ని పనికొచ్చేంత చదివినవాళ్లు చాలా తక్కువ.

జన్యుశాస్త్రం అనగానే ల్యాబు, మైక్రోస్కోపు, డీఎన్ఏ బొమ్మ గుర్తొస్తాయి. ప్రజారోగ్యంలో అవసరమయ్యేది వేరు. ఏ పరీక్ష దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది, ఒక బ్లాకులో ఏటా ఎంతమంది జబ్బు పిల్లలు పుట్టొచ్చు, ఒక ఫలితాన్ని ఇంట్లో ఎవరికి ముందు చెప్పాలి లాంటివి తెలియాలి. మాస్టర్స్ స్థాయిలో ఇవి ఎందుకు నేర్పాలో రెండు మూడు ఉదాహరణలు చూస్తే చాలు.

ముందుగా సాల్యుబిలిటీ పరీక్ష. క్యాంపుల్లో చవగ్గా చేసే పరీక్షల్లో ఇది ముఖ్యమైనది. రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది. ఉన్నది ఒక్క వైపు నుంచి వచ్చిందా (అంటే క్యారియర్), ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ వచ్చిందా (అంటే జబ్బు) అన్నది దీనితో తేలదు. అందుకు హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్షలు) చేయాలి. ఆరు నెలల లోపు పసిబిడ్డలో ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు, ఎందుకంటే ఆ వయసులో రక్తంలో ఎక్కువగా ఉండేది పిండదశ హిమోగ్లోబిన్. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్న మనిషి ఫలితాన్నీ నమ్మలేం. వీటన్నిటి కన్నా చిక్కైన సంగతి ఇంకోటుంది. బీటా తలసీమియా (హిమోగ్లోబిన్ సరిపడా తయారుకాని మరో వంశపారంపర్య జబ్బు) క్యారియర్‌ని ఈ పరీక్ష అసలు పట్టుకోదు. పెళ్లికొడుకు సికిల్ క్యారియర్, పెళ్లికూతురు తలసీమియా క్యారియర్ అనుకుందాం. ఆమె ఫలితం ‘నెగెటివ్’ వస్తుంది, రెండు కుటుంబాలూ ఊపిరి పీల్చుకుంటాయి. కానీ ఆ దంపతులకు సికిల్-బీటా తలసీమియా అనే జబ్బుతో బిడ్డ పుట్టే అవకాశం ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ఉంటుంది. ఒడిశాలో ఈ రెండు జన్యువులూ తిరుగుతున్నాయి. పెళ్లికి ముందు కార్డులు కలిపి చూసుకోండి అని ప్రచారం చేసేవాళ్లు ఆ కార్డు వెనక ఏ పరీక్ష ఉందో కూడా చెప్పాలి. అది చెప్పగలగాలంటే ముందు ప్రచారం నడిపే అధికారికే ఆ తేడా తెలియాలి.

తర్వాత లెక్క. పదిమందిలో ఒకరు క్యారియర్ అయిన బ్లాకుని తీసుకుందాం. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లు అయ్యే అవకాశం వందలో ఒకటి, అలాంటి దంపతులకు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగులో ఒకటి. అంటే 400 కాన్పులకు ఒక బిడ్డ. పక్క బ్లాకులో అయిదుగురిలో ఒకరు క్యారియర్ అయితే? పాతికలో ఒక జంట, 100 కాన్పులకు ఒక బిడ్డ. క్యారియర్లు రెండింతలైతే జబ్బు పిల్లలు నాలుగింతలు అవుతారు. ఏటా 2,000 కాన్పులు జరిగే బ్లాకులో ఇది 5కీ 20కీ ఉన్న తేడా. నొప్పి దాడులు తగ్గించే హైడ్రాక్సీయూరియా మందు ఎంత తెప్పించాలి, న్యుమోకాకల్ టీకా ఎవరికి తప్పిపోతోంది, రక్తనిధిలో ఎన్ని యూనిట్లు ఉండాలి అన్నవన్నీ ఈ లెక్క మీదే ఆధారపడతాయి. జిల్లా సగటు చూసి మందులు పంచితే అవసరం ఎక్కువున్న బ్లాకుకి ఎప్పుడూ తక్కువే చేరుతుంది.

మేనరికం మాట ఎత్తకుండా తెలుగువాళ్లతో ఈ సంగతి మాట్లాడలేం. సరిహద్దుకి ఇటు తెలుగు ఇళ్లలో మేనమామకో, మేనబావకో పిల్లనివ్వడం పాత అలవాటు. పక్కింటి ఒడియా కుటుంబం దాన్ని వింతగా చూస్తుంది. దాంతో ఏ బిడ్డకి ఏ జబ్బొచ్చినా ‘మేనరికం వల్లే’ అనే తీర్పు ఆసుపత్రి వరండాలోనే వచ్చేస్తుంది. లెక్క అంత సులువుగా లేదు. మొత్తం జన్యు ప్రతుల్లో (మనిషికి రెండేసి ఉంటాయి) పదింట ఒకటి సికిల్ ప్రతి అయిన సమూహంలో బయటి సంబంధం చేసుకుంటే జబ్బు బిడ్డ అవకాశం సుమారు నూటికి ఒకటి. బావామరదళ్ల పెళ్లయితే నూటికి ఒకటిన్నర, మేనమామ-మేనకోడళ్ల పెళ్లయితే రెండుకు కాస్త పైన. పెరుగుతుంది గానీ ఊహించినంత కాదు. అదే వెయ్యి ప్రతుల్లో ఒకటి మాత్రమే ఉండే అరుదైన జన్యువు అయితే, బయటి సంబంధంలో పది లక్షలకు ఒకటి ఉన్న అవకాశం బావామరదళ్లలో దాదాపు 16 వేలకు ఒకటి అవుతుంది. అరవై రెట్లకు పైగా పెరిగినట్టు. అంటే మేనరికం అసలు దెబ్బ అరుదైన జబ్బుల దగ్గర తగులుతుంది. సికిల్ సెల్ లాంటి సాధారణ జన్యువు దగ్గర అంతకన్నా ప్రమాదం ‘మాది మేనరికం కాదు కదా, పరీక్ష ఎందుకు’ అనే ధీమాలో ఉంది. ఈ తేడా తెలియని ఆరోగ్య కార్యకర్త ఒకరిని అనవసరంగా తప్పుపడతారు, ఇంకొకరిని అనవసరంగా నిశ్చింతగా వదిలేస్తారు.

దగ్గరి చుట్టరికం లేకపోయినా, కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగి లోలోపలే పెళ్లిళ్లు చేసుకున్న కులంలో కొన్ని జన్యువులు చిక్కబడతాయి. వైశ్యుల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ లోపం దీనికి పేరుమోసిన ఉదాహరణ. మత్తుమందుతో ఇచ్చే కొన్ని కండరాల సడలింపు మందులు వాళ్లలో కొందరికి చాలాసేపటి దాకా దిగవు. 2017లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ పాల్గొని నేచర్ జెనెటిక్స్‌లో ప్రచురించిన పత్రం దక్షిణాసియాలో ఇలాంటి సమూహాలు ఎన్నో ఉన్నాయని చూపింది. బరంపురం, జయపురం బజార్లలో తరాలుగా వ్యాపారం చేస్తున్న కుటుంబాలకు ఇది పనికొచ్చే సమాచారమే. ఆపరేషన్‌కి ముందు అడిగే ప్రశ్నల్లో ఒక్కటి చేరిస్తే చాలు.

జన్యుశాస్త్రం అంటే పెళ్లి, కాన్పు మాత్రమే కాదని మలేరియా గుర్తుచేస్తుంది. దక్షిణ ఒడిశా కొండల్లో మలేరియా పాత శత్రువు. దుర్గమ ప్రాంతాల కోసం రాష్ట్రం ‘దమన్’ అనే కార్యక్రమం కూడా నడిపింది. వైవాక్స్ మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ఆ మందు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, మూత్రం నల్లబడుతుంది, కొందరి పరిస్థితి ప్రాణం మీదికి వస్తుంది. ఈ లోపంలో ఒక రకానికి ‘జీ6పీడీ ఒరిస్సా’ అనే పేరే ఉంది. భారత ఆదివాసుల్లో ముఖ్యమైన రకం అదేనని 1995లో ప్రచురించారు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి మగవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. మందు పంచే కార్యకర్తకి ఈ జన్యువు పేరు తెలియక్కర్లేదు. ‘మూత్రం రంగు మారితే మందు ఆపి వెంటనే రండి’ అన్న ఒక్క మాట మర్చిపోకుండా చెప్పాలి. ఆ మాట మందుల సంచిలోని కాగితం మీద, ఇంట్లో మాట్లాడే భాషలో ఉండేలా చూడటం ప్రజారోగ్య పట్టభద్రుడి పని.

అన్నిటినీ జన్యువుల ఖాతాలో వేయకపోవడం కూడా చదువులో భాగమే. గంజాం సరిహద్దుకి ఆనుకునే ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బులు దశాబ్దాలుగా ప్రాణాలు తీస్తున్నాయి. నీరు, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, జన్యువులు అంటూ అన్ని కోణాల్లోనూ వెతికినా ఇదీ కారణం అని ఏ ఒక్కదాన్నీ ఖాయం చేయలేకపోయారు. అలాంటి చోట ‘మీ వంశంలోనే ఉంది’ అని తేల్చేస్తే మంచినీటి గురించి అడిగే నోళ్లు మూతపడతాయి. జన్యుశాస్త్రాన్ని సగం చదివినవాళ్లతో వచ్చే ప్రమాదం అసలు చదవనివాళ్లతో వచ్చేదానికన్నా తక్కువేమీ కాదు.

పరీక్షలు పెట్టి సలహా సరిగా ఇవ్వకపోతే ఏమవుతుందో ప్రపంచం ఇదివరకే చూసింది. గ్రీసులో ఓర్కోమెనోస్ అనే చోట దాదాపు నాలుగో వంతు మంది సికిల్ క్యారియర్లు. అక్కడ పరీక్షలు చేసి పెళ్లికి ముందు చూసుకోమని చెప్పారు. కొన్నేళ్లకు వెనక్కి తిరిగి చూస్తే క్యారియర్ల మధ్య పెళ్లిళ్లు తగ్గలేదు, క్యారియర్లన్న ముద్ర మాత్రం మిగిలింది. అమెరికాలో 1972 చట్టం వచ్చిన రోజుల్లో చాలా రాష్ట్రాలు నల్లజాతి వాళ్లకు పరీక్షలు తప్పనిసరి చేశాయి. ఏ జబ్బూ లేని క్యారియర్లకు ఉద్యోగాల్లో, బీమాలో ఇబ్బందులు వచ్చాయి. వాళ్ల ఎయిర్‌ఫోర్స్ అకాడమీ క్యారియర్లను 1981 దాకా చేర్చుకోలేదు. సైప్రస్‌లో తలసీమియా కార్యక్రమం గెలిచింది. అక్కడ చర్చి, డాక్టర్లు, రోగుల కుటుంబాలు కలిసి ఏళ్ల తరబడి మాట్లాడారు, గర్భంలోనే పరీక్ష చేసే సౌకర్యం దగ్గర్లో ఉంది, జబ్బున్న పిల్లలకు మంచి చికిత్స అందింది. ఓర్కోమెనోస్‌లో మిగిలిన ముద్రని మన ఊళ్లకు తెచ్చి చూస్తే, అది ముందుగా పడేది ఆడపిల్ల మీదే. క్యారియర్ అబ్బాయికి ఇంకో సంబంధం దొరుకుతుంది. క్యారియర్ అమ్మాయి తండ్రి కార్డుని బీరువాలో దాస్తాడు.

ఇంకో అనుభవం గడ్చిరోలిదే. 1986 నుంచి అక్కడ పనిచేస్తున్న ‘సెర్చ్’ సంస్థ వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ మొదటి రోజుల్లోనే సికిల్ సెల్ మీద సర్వే చేశారు. జిల్లాలో జబ్బు ఉందని తేలింది, కానీ ఊళ్ల వాళ్లు అంతగా పట్టించుకోలేదు. అది వాళ్లు అడిగిన సమస్య కాదు. ఆ పాఠం తర్వాతే ప్రజల అవసరం నుంచి మొదలుపెట్టే పద్ధతి సెర్చ్‌కి గుర్తింపు తెచ్చింది. ఇంటి దగ్గరే నవజాత శిశువుల సంరక్షణ మీద వాళ్ల ఫలితాలు 1999లో లాన్సెట్‌లో వచ్చి దేశ విధానాన్నే మార్చాయి. సికిల్ సెల్ విషయంలో కుటుంబాలు అడిగేది ఏమిటంటే నొప్పి తగ్గించమని, ఊరికి దగ్గర్లో రక్తం దొరికేలా చూడమని. పెళ్లి సలహా ఆ తర్వాతి మాట. 1986లో అమెరికాలో జరిగిన పరిశోధనలో, జబ్బున్న పసిపిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇస్తే న్యుమోకాకల్ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. పుట్టగానే పరీక్ష చేయడానికి అక్కడ బలం వచ్చింది ఆ ఫలితం వల్లే. పరీక్ష వల్ల మొదటి లాభం జబ్బున్న బిడ్డకి దక్కాలి. మన ప్రచారంలో ఆ బిడ్డ కన్నా పెళ్లికి ముందు చూసుకునే పరీక్ష కార్డే ముందు కనబడటం సరికాదు.

పాశ్చాత్య పాఠ్యపుస్తకాన్ని యథాతథంగా బోధించినా కుదరదు. ఒడిశాలో ఎక్కువగా కనిపించే అరబ్-ఇండియన్ రకం సికిల్ సెల్‌లో పిండదశ హిమోగ్లోబిన్ పెద్దయ్యాకా ఎక్కువగానే ఉంటుంది. పశ్చిమ ఒడిశాలోని బుర్లా మెడికల్ కాలేజీ రోగుల మీద 1986లో లాన్సెట్‌లో వచ్చిన పత్రం ఈ తేడాని ప్రపంచానికి చూపింది. ఇక్కడి రోగుల్లో చాలామందికి ఆఫ్రికా మూలాల వాళ్లకన్నా జబ్బు తీవ్రత తక్కువగా ఉంటుంది, ప్లీహం చాలా ఏళ్ల వరకు పెద్దదిగానే ఉండిపోతుంది. అలాగని తేలికగా తీసుకోకూడదు, విదర్భలో తీవ్రమైన కేసులు చాలానే ఉన్నాయి. అక్కడ ఈ జబ్బు ఆదివాసులతో ఆగలేదు, దళిత, వెనుకబడిన కులాల్లోనూ ఉంది. ఆదివాసీ గ్రామాలకే క్యాంపులు పరిమితం చేస్తే వీళ్లు బయటే ఉండిపోతారు.

శిక్షణ విషయానికి వస్తే, ప్రజారోగ్య జన్యుశాస్త్రం ఒక చదువుగా ప్రపంచంలో పాతికేళ్లకు పైగా ఉంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 1997లో దీనికోసం ప్రత్యేక సంస్థే పెట్టింది, పిట్స్‌బర్గ్‌లో ఇదే అంశంలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) నడిచింది. అదే 1997లో మన దేశంలో తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ సెంటర్ ఎంపీహెచ్ మొదలుపెట్టింది. తర్వాత హైదరాబాద్, భువనేశ్వర్‌లలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ శాఖలు వచ్చాయి. ఇలాంటి కోర్సుల్లో ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్, ఆరోగ్య నిర్వహణ బాగానే చెబుతారు. జన్యుశాస్త్రం విడి పేపరుగా కనిపించడం అరుదు. వైద్యుల వైపు కొంత పని జరిగింది. బయోటెక్నాలజీ శాఖ 2019లో ప్రారంభించిన ‘ఉమ్మీద్’ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో జన్యు పరీక్షా కేంద్రాలు, డాక్టర్లకు శిక్షణ వచ్చాయి. చంద్రపూర్‌లో భారత వైద్య పరిశోధన మండలికి (ఐసీఎంఆర్) హిమోగ్లోబిన్ వ్యాధుల కేంద్రం ఉంది. హైదరాబాద్ బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యు వ్యాధుల సంస్థ, ఆసుపత్రి ఉన్నాయి. తెలుగులో జన్యు సలహా ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి అంతకన్నా తగిన చోటు దొరకడం కష్టం. లేనిదల్లా వీటన్నిటినీ ఊరి దాకా తీసుకెళ్లే మధ్య వరస.

ఆ వరసని తయారుచేయడానికి దూరం వెళ్లనక్కర్లేదు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, బరంపురం విశ్వవిద్యాలయం ఉంది, 2016లో వచ్చిన సైన్స్ విద్యా పరిశోధనా సంస్థ ఐసర్ ఉంది. రోగులు ఒక చోట, జన్యుశాస్త్రం ఇంకో చోట, సామాజిక శాస్త్రాలు మరో చోట, మూడూ ఒకే ఊరి చుట్టూ. ఒడియా, తెలుగు రెండూ నడిచే ఊరు కూడా. ఉద్యోగంలో ఉన్న బ్లాకు ప్రోగ్రామ్ మేనేజర్లు, నర్సులు, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ల కోసం ఈ మూడింటి మధ్య ఏడాది పీజీ డిప్లొమా పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఇంకో మెట్రో నగరంలో ఇంకో ఖరీదైన ఎంఎస్సీ కన్నా ఇది మేలు.

అందులో చట్టం తప్పకుండా ఉండాలి. గర్భస్థ పరీక్షలను నియంత్రించే 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం హిమోగ్లోబిన్ వ్యాధుల కోసం పరీక్షను అనుమతిస్తుంది. అయితే పరీక్ష చేసే చోటే కాదు, జన్యు సలహా కేంద్రం కూడా రిజిస్టర్ అయి ఉండాలి. 2021 సవరణతో గర్భవిచ్ఛిత్తి గడువులు మారాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్ జబ్బునీ, తలసీమియానీ జాబితాలో చేర్చింది, క్యారియర్లకు అది వర్తించదు. సర్టిఫికెట్ కోసం తిరిగే తండ్రికి ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే జిల్లా ఆసుపత్రికి నాలుగుసార్లు తిరిగే బస్సు చార్జీ మిగులుతుంది.

క్లాసులో కాకుండా ఊళ్లోనే నేర్చుకోవాల్సింది సరిహద్దు సంగతి. గజపతి జిల్లాలో అత్తారిల్లు, శ్రీకాకుళం జిల్లాలో పుట్టిల్లు ఉన్న అమ్మాయిని తీసుకోండి. పెళ్లయ్యాక పరీక్ష ఒడిశాలో జరుగుతుంది. మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్తుంది, బిడ్డ ఆంధ్రలో పుడుతుంది. తల్లి క్యారియర్ అన్న కబురు ఆ కాన్పు జరిగిన ఆసుపత్రికి చేరకపోతే బిడ్డకి పరీక్ష చేయాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డ తిరిగి అత్తారింటికి వస్తుంది, అక్కడి రిజిస్టరులో ఆ కాన్పు ఉండదు. సిరోంచ వైపు కూడా ఇంతే. జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే, గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. సంబంధాలు, సంతలు, ఆసుపత్రులు అన్నీ నదికి అవతల. కోర్సులో చేరినవాళ్లు ఒక రాష్ట్రంలో కొన్ని వారాలు, పక్క రాష్ట్రంలో కొన్ని వారాలు పనిచేసి, ఒకే కుటుంబం రికార్డుని రెండు వైపులా వెతికి కలిపితే, అదే ప్రాజెక్టు రిపోర్టుగా సరిపోతుంది. కువి, సవర, కోయ, గోండి మాట్లాడే ఇళ్లలో తెలుగు కూడా రెండో భాషే కాబట్టి, అక్కడ స్థానిక ఆశా కార్యకర్త పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

మిగిలింది ఉద్యోగం. జాతీయ ఆరోగ్య మిషన్ కింద చాలా పోస్టులు ఏటేటా రెన్యువల్ చేసే కాంట్రాక్టులు. డిప్లొమా చేసి వచ్చిన మనిషి మంచి జీతం దొరికితే విశాఖకో, భువనేశ్వర్‌కో, నాగ్‌పూర్‌కో వెళ్లిపోతారు. ఒక క్యారియర్ అమ్మాయిని పదహారేళ్ల వయసు నుంచి రెండో కాన్పు దాకా గమనించాలంటే పదేళ్లు పడుతుంది. కాబట్టి కోర్సు ఎక్కడ పెట్టాలన్న చర్చ కన్నా ముందు, జిల్లాకి కనీసం ఒక పర్మినెంట్ పోస్టు, అది కూడా రెండు రాష్ట్రాల రికార్డులు చూసే అధికారంతో, మంజూరు చేస్తారా అని రాష్ట్ర ఆరోగ్య శాఖలను అడగాలి.